కార్డు రాజవ్వది, చెయ్యి నాది

నా పేరు బుర్ర లత, భర్త పేరు వేణు, వయసు 42 సంవత్సరాలు, వృత్తి బీడీలు చుట్టడం, నివాసం రాయికల్. ఈ రోజు, అంటే 2025 జూన్ 11న, ఉదయం 10.40 గంటలకు ఎవరూ పిలవకుండానే ఠాణాకు వచ్చి ఎస్సై గారి ముందు చెబుతున్నాను.

రాజవ్వ మా అత్త. బీడీ కార్ఖానా కార్డు ఆమె పేరు మీద ఉంది. 2014లో ఆమెకు చూపు తగ్గింది. కార్డు లేకపోతే పని ఇవ్వరు, కొత్త కార్డులు ఇవ్వడం లేదన్నారు, అందుకని ఆమె కార్డు మీద నేను చుట్టడం మొదలుపెట్టాను. 2019లో అత్త చనిపోయింది. కార్డు మాత్రం బతికే ఉంది.

2021 అక్టోబరులో జగిత్యాల నుంచి డాక్టర్ మౌనిక గారు బీడీ కార్మికుల చేతులు పరీక్షించడానికి వచ్చారు. ఆమెది కోరుట్ల. మాకు ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు ఆనందం అందరి కార్డులు కట్టగా పెట్టుకుని పేరు పేరునా పిలిచాడు. పేరు, వయసు కార్డు చూసే రాశారు. "రాజవ్వ" అనగానే నేను లేచాను. ఆ పేరుకు పలకడం నాకు అలవాటే. కరోనా రోజులు, మూతికి మాస్కు, నెత్తిన కొంగు. ఫారం మీద వేలిముద్ర వేసి, పిడికిలితో పిసికే మిషన్ను గట్టిగా పిసికాను. 28 కిలోలు వచ్చింది. మా వాడలో నాలాగా అత్తల కార్డులు, అమ్మల కార్డులు పట్టుకుని వచ్చిన వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పేర్లు నన్ను అడగవద్దు.

మొన్న తొమ్మిదో తారీకు సాయంత్రం 5 గంటలకు మౌనిక గారు రాజవ్వ ఇల్లు ఏదని అడుగుతూ మా ఇంటికి వచ్చారు. చచ్చిపోయిన మనిషి పేరు మీద మౌనిక గారే దొంగ వేలిముద్ర వేశారని ఆమె పనిచేసే మెడికల్ కాలేజీ వాళ్లు కేసు పెట్టారట.

"ఆ చేతుల పరీక్ష మీద నేను రాసిన పేపర్ను నూట ఎనభై ఆరు మంది వాళ్ల పేపర్లల్ల ఉదహరించిన్రు అక్కా. గిప్పుడు అదంత దొంగదంటున్నరు, నౌకరీ సుత పోయేటట్టున్నది" అన్నారు.

"గంత మంది ఏమని రాసిన్రు మేడం?"

"డెబ్బై ఒక్క ఏండ్ల ఆడామె చేతి పట్టు నలభై లోపు ఆమె లెక్క ఎట్లున్నదని. జపాన్ల ఒకాయన బీడీ చుట్టుడు వల్లనే అని ఎనిమిది పేజీలు రాసిండు."

"నాకప్పుడు ముప్పై ఎనిమిదే మేడం."

ఆమె నన్ను చూశారు, నా చెయ్యి చూశారు. తర్వాత గడపలోనే కూలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి నవ్వి ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడు నాకు చాలా సిగ్గేసింది. ఠాణాకు వచ్చి చెబుతానన్నాను. "వద్దక్కా, నీ కార్డు పోతది" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ రాత్రి అన్నం దగ్గర నా భర్త కోప్పడ్డాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆ మేడమే వద్దన్నది గద."

"చేసింది మనం, పడేది ఆమెనా?" అన్నాను. ఈ రోజు అతనే తన ఆటోలో నన్ను ఇక్కడ దింపాడు.

మౌనిక గారు ఏ దొంగతనమూ చేయలేదు. ఆ పట్టు నిజం, వయసే అబద్ధం, ఆ అబద్ధం మాది. నా చెయ్యి ఎన్నిసార్లైనా కొలుచుకోండి. ఆ జపాన్ ఆయనకు కూడా ఎవరైనా ఒక ఉత్తరం రాయండి, పాపం ఇంకా ఎన్ని పేజీలు రాస్తాడో. కార్డు తీసేస్తే తీసేయండి, కానీ నా పేరు మీద ఒకటి అడుగుతాను.

హెడ్ కానిస్టేబుల్ సంపత్ గారు ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పిన మాటలే ఉన్నాయి, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఎవరూ బెదిరించలేదు, ఆశ చూపలేదు. ఆ ఫారం మీది ముద్రతో సరిచూసుకోవడానికి నా ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. సంతకం రాదా అని సంపత్ గారు అడిగారు. వచ్చు, ఏడో తరగతి చదివాను. అత్తకు రాదు కాబట్టి పదకొండేళ్లు వేలిముద్రే వేశాను. ఈ కాగితం మీద రెండూ పెడుతున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)

బుర్ర లత