టీచరమ్మకి గది

హలో… ఆ, నేనేనండీ, ఆర్గీరోని. మీ బళ్ళో చదవబోయే కోస్మాస్ వాళ్ళమ్మని. చెప్పండి టీచరమ్మా, ఓడెక్కారా?

…ఇంకా లేదా? పిరేయస్ రేవులోనే ఉన్నారా?

—టిక్కెట్టు చేతిలో పెట్టుకుని ఇప్పుడు ఆలోచిస్తే ఎలాగండీ! ఓడ వెనక తలుపు ఎత్తేశారంటే గురువారం దాకా మా దీవికి ఇంకో ఓడ లేదు.

…టీచరిల్లా? ఎవరు చెప్పారు మీకు?

…ప్రెసిడెంటుగారా! ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు కదా.

—ఇల్లు లేకేం, ఉంది. బడి పక్కనే, సున్నం వేయించి, కిటికీలకి నీలం రంగు వేయించి… ఉంది. అందులో మనుషులున్నారు, అంతే.

…డచ్చివాళ్ళు. మొగుడూ పెళ్ళాం. సెలవులకొచ్చారు. అక్టోబరు ఆఖరు దాకా.

…తిట్టండి. తిట్టాల్సిందే. కానీ ఒక్క మాట వినండి. ఏ ఏడూ మాకు టీచరు అక్టోబరు దాటకుండా వచ్చిన పాపాన పోలేదు. బడి తెరిచినా పిల్లలు మేకల వెంట తిరుగుతూనే ఉంటారు. ఎలాగూ అప్పటిదాకా ఇల్లు ఖాళీయే కదా, బడి కప్పు కారుతోంది, అద్దెకిస్తే బాగుచేయించుకోవచ్చు అని ఊరంతా కూర్చుని అనుకున్నాం. నేనూ చెయ్యెత్తాను. ఈ ఏడు చూస్తే, పైవాళ్ళకి ఏం బుద్ధి పుట్టిందో, సెప్టెంబరు మొదట్లోనే మిమ్మల్ని వేసేశారు! నవ్వాలో ఏడవాలో తెలీలేదు మాకు.

…ఖాళీ చెయ్యమని అడిగానండీ, ఒట్టు! టమాటాల్లో బియ్యం కూరి వండి, గిన్నె పట్టుకెళ్ళి మరీ అడిగాను. తిన్నారు. బాగుందన్నారు. అద్దె కాగితం తీసి చూపించారు.

…అవును, నాకూ గదులున్నాయి. టూరిస్టులకిస్తాను. ఒక్కటి కూడా ఖాళీ లేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను మీకు!

—ఉండండి, ఉండండి, పెట్టెయ్యకండి. ఉన్నవి చెప్తాను, మీరే ఎంచుకోండి. చర్చి ఫాదరుగారింట్లో వెనక గది. గది బంగారం అనుకోండి. కాకపోతే ఆయన చీకటుండగానే లేచి ప్రార్థన పాడతారు. మెల్లిగా కాదు.

…వద్దా. పోనీ రొట్టెల బట్టీ మీద గది. చలికాలం వెచ్చగా ఉంటుంది, లేవగానే వేడి రొట్టె. రొట్టెలాయన జానిస్ అని, ఇంకా పెళ్ళి కాలేదు, మనిషి కూడా మంచి—

…అయ్యయ్యో, నేను సంబంధం చూడట్లేదండీ! గది చూస్తున్నాను!

…అమ్మయ్య, నవ్వారు.

—ఇంకోటుంది. ఆస్పత్రిలో డాక్టరుగారి గది. మంచం, పొయ్యి, అన్నీ ఉన్నాయి.

…డాక్టరు ఎక్కడుంటాడా… ఆయనా రాలేదండీ ఇంకా.

…వస్తే మీరు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికంటే… అదీ నిజమే.

…పోయినేడు టీచరమ్మా? అదీ చెప్పేశాడూ ప్రెసిడెంటు! ఆవిడ కార్లో పడుకునేవారు. కొన్నాళ్ళే, ఇంటికి సున్నాలేస్తుంటే. తర్వాత ఇల్లిచ్చాం… క్రిస్మస్‌కి అమ్మావాళ్ళ దగ్గరికెళ్ళారు. మళ్ళీ రాలేదు.

…బడయ్యాక ఏం చేస్తారా? ఎండాకాలమైతే ఈత. చలికాలం… పేకాట. కాఫీ కొట్లో. రాకపోతే నేర్పుతాం. ఆలివ్ కాయలు రాల్చేటప్పుడు అందరం కలిసి వెళ్తాం, మీరూ రావచ్చు. ఎవరి పేరుగల సెయింటు పండగొస్తే వాళ్ళింట్లో విందు, పిలవకపోయినా వెళ్తాం. మీ పేరు థెక్లా కదా! ఈ నెల్లోనే మీ పండగ. ఊరంతా మీ ఇంటికే…

…ఇల్లుంటేగా అంటారు. అనండి.

—గాలేస్తే ఓడ రాదు. ఓడ రాకపోతే కూరలు రావు, మందులు రావు. చెప్తున్నాను ముందే. నీకు గదులు అద్దెకిచ్చుకోవడం చేతకాదే అంటాడు మా ఆయన సొతీరిస్. నిజమే.

…మీరు రాకపోతేనా?

…బడి మూసేస్తారు. ముగ్గురే కదా పిల్లలు. మా కోస్మాస్, తాపీమేస్త్రి కవలలు. ఇదే ఆఖరి అవకాశమని పైవాళ్ళు చెప్పేశారు. అప్పుడు నేను వాణ్ణి తీసుకుని పెద్ద దీవిలో అద్దెకుండాలి. మా ఆయన వలలు ఇక్కడ, పడవ ఇక్కడ. ఆయనిక్కడ, మేమక్కడ. తాపీమేస్త్రి వాళ్ళూ పోతారు. పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు టీచరమ్మా.

…లేదు, ఏడవట్లేదు. మీ నెత్తిన పెట్టాల్సిన బరువు కాదిది. నాకు భయంగా ఉంది, అందుకని వాగేస్తున్నాను.

…హలో? ఉన్నారా?

—వినండి. మా గదిలో ఉండండి. టూరిస్టులది కాదు, మాది. నేనూ మా ఆయనా పడుకునేది. మేం వంటింట్లో సర్దుకుంటాం.

…ఎందుకు బాగోదు? తలుపుకి గడియ ఉంది. కిటికీ తీస్తే సముద్రం.

…లేదు, ఆయనకింకా చెప్పలేదు. ఇక్కడే ఉన్నాడు. నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు.

…ఏమిటా మోత? ఓడ కూతేసిందా? మొదటిదా, రెండోదా? ఎక్కండి టీచరమ్మా, ఎక్కేసి తర్వాత—

…ఏమన్నారు? మీరు నా చెల్లెలైతేనా?

…ఎక్కమనేదాన్నా అంటే… 

ఏమోనండీ. తెలీదు. అబద్ధం చెప్పలేను.

…హలో? థెక్లా? గాలి హోరు తప్ప ఏం వినపడట్లేదు… ఎక్కారా? ఒక్క మాట చెప్పమ్మా, ఎక్కావా? హలో… హలో!

—కట్టయింది.

ఏమో సొతీరిస్, నాకేం తెలుసు! మళ్ళీ చేస్తే మోగుతోంది, ఎత్తట్లేదు. ఎక్కిందో, వెనక్కి తిరిగిందో, ఓడొచ్చి తలుపు దించితే గానీ తెలీదు.

అలా నిలబడతావేం? బీరువాలోంచి బట్టలు తియ్యి. నీవీ, నావీ, పిల్లాడివీ, అన్నీ.

…ఆవిడొస్తే వంటింట్లోకి. రాకపోతే నావీ, వాడివీ ఎలాగూ మూట కట్టాల్సినవేగా. తియ్యి.