గొట్టం మీది చిల్లులు

అమెరికాలోని కాస్పర్ ఊళ్లో కంటి ఆసుపత్రి బయట ట్రక్కులో కూర్చున్నారు తండ్రీ కూతురూ. తండ్రి వెర్నన్ కుడికంటి కట్టు అప్పుడే విప్పారు. బండి తియ్యడానికి నోరీన్‌కి ఇంకా చేతులు రావడం లేదు.

"డాక్టరు ఏమన్నాడో మళ్లీ చెప్పు నాన్నా."

"చూపు నిక్షేపంలా ఉందన్నాడు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?"

"ఆ పిస్తోలు నేను కొనివ్వకుండా ఉండాల్సింది. గొట్టం పైన ఆ చిల్లులు..."

"వాటి పని అవి చేశాయి. పేలినప్పుడు వేడిగాలి చిల్లుల్లోంచి పైకి తన్ని గొట్టాన్ని కిందికి నొక్కుతుంది, అందుకే దాని మూతి పైకెగరదు. నేనేమో కంటికి అడ్డుగా అద్దాలు పెట్టుకోకుండా, దాన్ని డొక్కకి ఆనించి పేల్చా. ఆ గాలంతా మొహాన కొట్టింది. తప్పెవరిది?"

"పైగా చెవులు దిబ్బళ్లు పడే మోత. చీకట్లో ఐతే చిల్లుల్లోంచి లేచే మంటకి ఏమీ కనపడదు. కొట్లో తిరిగిచ్చేద్దాం నాన్నా."

"ఇస్తే ఊరుకోను. కీళ్లవాతం వచ్చాక మామూలు పిస్తోలుతో రెండో గుండుకే మణికట్టు జివ్వుమనేది. శనివారం గురి పోటీల్లో బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టేవాణ్ణి. దీంతో చెయ్యి చాచి వరసగా కొట్టగలుగుతున్నా."

"మళ్లీ డొక్క దగ్గర పెట్టి పేల్చవుగా?"

"పేల్చను. అద్దాలు లేకుండా ముట్టుకోను. ఒట్టు."

నోరీన్ ఊపిరి పీల్చుకుని, కిటికీ వైపు తిరిగిపోయింది.

"అటు తిరిగితే కనపడదనుకున్నావా? ఆ కంటితోనే చూస్తున్నా. ముక్కు తుడుచుకుని బండి తియ్యి, ఆకలేస్తోంది."

ఏడుపులోనే నవ్వొచ్చింది నోరీన్‌కి. తాళం తిప్పింది.