రైలును ఆపిన పీటా చిప్సు

మా కుట్టు కంపెనీ వెనకవైపు అరుగు మీద సాయంత్రం టీకి కూర్చున్నాం. రోజూ ఆ వేళకి టీతో పాటు పళ్ళెం నిండా వేడివేడి పలహారం వస్తుంది. ఆ రోజు పళ్ళెం రాలేదు, మైకన్న వచ్చాడు, రెండు చేతుల నిండా తళతళలాడే ప్యాకెట్లతో. క్యాంటీను కాంట్రాక్టరు దగ్గర పని చేస్తాడు. నోరు విప్పితే పక్క వీధికి వినపడుతుంది, అందుకే మైకు అని పేరు, మాకు మైకన్న.

"సోమవారం నుంచి మీకు ఇవే," అని ప్యాకెట్లు అరుగు మీద పరిచాడు. "పీటా చిప్సు."

"పీటా? కూర్చునే పీటా?" అన్నాడు ఇస్త్రీ తాత.

"కూర్చునే పీట కాదు తాతా, కూర్చున్నవాణ్ణి లేపి పరిగెత్తించే పీటా! ఇది ఒక రకం రొట్టె. పొయ్యిలో పెట్టగానే బుగ్గలు పూరించినట్టు పొంగుతుంది, లోపలంతా సంచీలా ఖాళీ. దాన్ని మూడు మూలల ముక్కలుగా కోసి, కరకరలాడేదాకా మళ్ళీ కాలుస్తారు. నూనెలో ముంచరు, అది గమనించండి. గోధుమలో పీచు ఉంటుంది, పీచులో బలం ఉంటుంది, బలంలో..."

"బలంలో ఏముంటుంది?" అన్నాడు కటింగ్ మాస్టరు.

"నేనుంటాను మాస్టారూ! నన్ను చూడండి." మైకన్న చొక్కా చేతులు మడిచి, టీ గ్లాసు అందుకుని, అరుగు మధ్యలో చోటు చేసుకుని కూర్చున్నాడు. ఇక లేవడని మాకు తెలుసు.

"ఉన్నమాట చెప్తాను, నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు. మొన్నటిదాకా గోడౌను మెట్లెక్కితే నాలుక బయటికొచ్చేది. ఒకరోజు నోరు ఊరుకోక నాలుగు చిప్సు నమిలాను. గుడ్డల మూట ఒకటి భుజానికెత్తుకుని మెట్లెక్కాను, చూద్దును కదా, మూడో అంతస్తులో ఉన్నాను! ఆయాసమా? నా ఊపిరి నాకే వినపడలేదు."

"మూట ఎత్తావా! కిందటి నెల టీ క్యాను ఎత్తడానికి ఇద్దర్ని పిలిచావు కదయ్యా," అన్నాడు మాస్టరు.

"అది చిప్సు తినకముందు మాస్టారూ! నా జీవితం రెండు ముక్కలు, తినకముందు ఒకటి, తిన్న తర్వాత ఒకటి. సరే, ఇంత బలం ఒంటికి మంచిదో కాదో అని భయమేసి డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆయన చెవుల్లో గొట్టం పెట్టుకుని నా గుండె మీద ఆనించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమాంతం గొట్టం పీకేసి చెవులు మూసుకున్నాడు. 'నీ గుండె కొట్టుకోవడం లేదయ్యా, డప్పు కొడుతోంది' అన్నాడు. బీపీ చూద్దామని పట్టీ కట్టాడు, అది పటుక్కున తెగి గోడ గడియారానికి చుట్టుకుంది. ఏం తింటున్నావని అడిగాడు. చెప్పాను. మర్నాటి నుంచి వచ్చిన ప్రతి రోగికీ పొద్దున రెండు చిప్సు, రాత్రి రెండు చిప్సు అని రాసివ్వడమే! కింద మందుల షాపువాడు నా కాళ్ళ మీద పడి, 'అన్నా, నా పొట్ట కొట్టకు' అని ఒకటే ఏడుపు."

"మరి షుగరున్నవాళ్ళు తినొచ్చా?" అంది మిషను కుట్టే పిన్ని ఒకావిడ. ఆవిడకి షుగరుంది, నిజంగానే అడిగింది.

"షుగరా! పిన్నీ, ఈ ముక్క గొంతు దిగుతుంటేనే షుగరు వెనక ద్వారం గుండా పారిపోతుంది. అన్నం మానేసి ఇవే తిను, మందుబిళ్ళలు కూడా అవతల పారెయ్యి."

"బిళ్ళల జోలికి పోకు," అని గుండీలక్క పక్కనుంచి పిన్ని మోచెయ్యి పట్టుకుంది. గుండీలు కుట్టే బల్ల దగ్గర అందరికన్నా పాతమనిషి, మాట తక్కువ. మైకన్న అది వినిపించుకోలేదు.

"బలం సంగతి సరే, దీని చప్పుడు సంగతి చెప్పనే లేదు. మంచి చిప్సుకి గుర్తు కరకర. ఓ రోజు మధ్యాహ్నం మన గేటు దగ్గర నిలబడి ఒక్కటంటే ఒక్కటి కొరికాను. పక్క కంపెనీవాళ్ళు అది వాళ్ళ సైరనే అనుకున్నారు! మిషన్లు ఆపేసి, టిఫిను డబ్బాలు చంకన పెట్టుకుని అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. వాళ్ళ సూపర్‌వైజరు రోడ్డు మీదికొచ్చి దణ్ణం పెట్టాడు, 'బాబూ, నీళ్ళలో నానబెట్టుకుని తినవా' అని."

అందరం నవ్వాం. నవ్వుతూనే గేటు వైపు చూశాం, పలహారం పళ్ళెం ఇంకా వస్తుందేమోనని. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి.

"ఇదంతా ఒక లెక్కా! అసలు సంగతి రైలుది. మా వ్యాను నిండా చిప్సు వేసుకుని వస్తున్నాం. పట్టాలు దాటుతుంటే సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. అటు చూస్తే రైలు, కూతేసుకుంటూ వచ్చేస్తోంది. డ్రైవరు దూకి పారిపోయాడు. నేను పారిపోలేదు. మా కాంట్రాక్టరు గారి సరుకు వదిలేసి పోతానా? ఒక ప్యాకెట్టు చింపాను. రుబ్బిన శనగల ముద్ద కూడా ఉంది, దాంట్లో అద్దుకుని తింటే బలం రెండింతలు. నిదానంగా నమిలాను, నమలకుండా మింగితే పీచు పనిచెయ్యదు. తిన్నాక వెళ్ళి ఇంజనుకి చెయ్యి అడ్డం పెట్టాను."

"ఏ చెయ్యి?" అన్నాడు మాస్టరు.

"ఎడం చెయ్యి. కుడి చేతిలో ప్యాకెట్టు ఉంది కదా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆగడం కాదు, వెనక్కి బయల్దేరింది. వెళ్ళి వెళ్ళి అంతకుముందు దాటొచ్చిన స్టేషన్లో ఆగింది. అక్కడ ఆ రైలు తప్పిపోయిన ముసలాయన ఒకాయన ఇంకా ప్లాట్‌ఫాం మీద ఏడుస్తున్నాడట. హాయిగా ఎక్కి కూర్చున్నాడు!"

"అబద్ధమాడినా అతికినట్టుండాలిరా," అన్నాడు తాత.

"అబద్ధమైతే అతికించాలి తాతా, నిజానికి జిగురెందుకు?"

అప్పటిదాకా గుండీలక్క ఒక చిప్సు ముక్కని మెల్లగా నములుతోంది. మింగి, చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

"బాగున్నాయి మైకన్నా. రుచికి వంక పెట్టక్కర్లేదు, ఉప్పే ఒక పిసరు ఎక్కువ. ఇంట్లో కబుర్లు చెప్పుకుంటూ తినడానికి భలే ఉంటాయి. పొద్దుట్నుంచి వంగి పనిచేసినవాళ్ళకి మాత్రం, పళ్ళకి తెలుస్తున్నాయి గానీ కడుపుకి తెలియడం లేదు. ఒక్క మాట అడగనా? పైన ఆఫీసువాళ్ళకి కూడా సోమవారం నుంచి ఇవేనా?"

"వాళ్ళకెందుకమ్మా ఇవి! పాపం చల్లటి గదుల్లో కూర్చుంటారు, వాళ్ళకి వేడిగా ఏదో ఒకటి..." అని మైకన్న టక్కున ఆగాడు. ఆగేసరికి ఆలస్యమైపోయింది.

అక్క ప్యాకెట్టు మడిచి అరుగు మీద పెట్టింది.

"అది అన్యాయం కదూ," అంది అక్క, గొంతు పెంచకుండానే. "కంపెనీ భారమంతా వాళ్ళ నెత్తి మీదే ఉందంటారు. రైళ్ళని తోసే తిండి మాకిచ్చి, వాళ్ళకి ఉత్త పలహారమా? బలం పైకి పంపించు, మాకు వేడిది చాలు. మీ కాంట్రాక్టరు ఇప్పుడు మేనేజరు గదిలోనే ఉన్నాడు. వెళ్ళి ఆ ముక్క చెప్పిరా."

"నేనా?"

"నువ్వే. రైలుకే చెయ్యి అడ్డం పెట్టినవాడివి."

మొదటిసారి మైకన్న గొంతు పక్కవాళ్ళకి మాత్రమే వినపడింది. "రైలైతే ఆగుతుందమ్మా. ఆయన ఆగడు."

అందరం పగలబడి నవ్వాం. అక్క నవ్వలేదు. లేచి చీర దులుపుకుంది. "సరే, మేమే అడుగుతాం. నువ్వు వెనక నిలబడు, చాలు."

ఆవిడ ముందు, తాత, మాస్టరు, పిన్ని, మేమందరం వెనకాల. మేనేజరు గదిలో పట్టక సగం మంది గుమ్మంలోనే నిలబడ్డాం. బల్ల మీద కాంట్రాక్టరు ముందు, మేనేజరు ముందు పొగలు కక్కుతున్న పళ్ళేలు. అక్క వాటివైపు ఒకసారి చూసి, "అయ్యా, మా పలహారం ఎందుకు తీసేశారు?" అంది.

మేనేజరు తెల్లబోయాడు. "తీసెయ్యడమేంటి? వేడిది వద్దు, ఆరోగ్యానికి చిప్సే కావాలని మీరే అడిగారట కదా?"

మేము కాంట్రాక్టరు వైపు చూశాం. ఆయన ఫ్యాను వైపు చూశాడు. మేనేజరు తన ముందున్న పళ్ళెం పక్కకి జరిపి, "సోమవారం ఎప్పట్లాగే వేడిది రావాలి. ఇష్టమైనవాళ్ళకి చిప్సు అదనంగా పెట్టండి," అన్నాడు కాంట్రాక్టరుతో.

సోమవారం పళ్ళెం వచ్చింది. మోసుకొచ్చింది మైకన్నే. ఆ రోజే పనిలో చేరిన ఇద్దరు ప్యాకింగు ఆడవాళ్ళు అరుగు మీద కొత్తగా, బెరుకుగా కూర్చున్నారు. ఇంకేం, మైకన్న వాళ్ళ ముందు చొక్కా చేతులు మడిచాడు.

"ఈ పలహారం ఊరికే వచ్చిందనుకుంటున్నారా అమ్మా? నేను మేడెక్కి తలుపు ఒక్క తన్ను తన్నాను. మా కాంట్రాక్టరు కుర్చీతో సహా గోడకి అంటుకుపోయాడు. బల్ల మీద ఇలా గుద్ది, 'కార్మికుల కడుపు కొడతారా' అని గర్జించాను. ఆ గర్జనకి..."

"నిజమేనమ్మా, వీడి దగ్గర్నుంచి చప్పుడు వచ్చింది," అన్నాడు ఇస్త్రీ తాత, వేడి ముక్క ఊదుకుంటూ. "నా వెనకే నక్కి నిలబడ్డాడు. చేతులు వణికి ప్యాకెట్టు ఒకటే గరగర. ఎలకేమైనా దూరిందేమోనని మేనేజరు గారు వంగి బల్ల కింద వెతికారు."