వ్యాగన్‌ని ఆపిన భుజం

"పాత స్టేషన్ చూడ్డానికొచ్చే పిల్లలకి మా ఊరి సంగతులు చెప్పే మనిషి కావాలన్నారుగా పంతులమ్మగారూ, ఇంక వెతక్కండి," అన్నాడు బ్రేకుల తాత, టీకొట్టు బెంచీ మీద సర్దుకు కూర్చుంటూ. "గనులు మూతపడ్డాయి, రైలు ఆగిపోయింది, ఏరూ నేనూ మిగిలాం. బొగ్గు బండికి బ్రేకులేసే ఉద్యోగం నాది. జారిపోతున్న వ్యాగన్‌ని ఒకసారి ఒంటి చేత్తో ఆపాను."

"ఖాళీదా, నిండుదా?" అంది టీ కాచే అమ్మాయి.

"నిండుదే! ఖాళీదైతే నేనెందుకు, మా ఆవిడ చాలు. గని నుంచి ఏటిదాకా అంతా పల్లమేనా, అది గడగడమంటూ దిగుతోంది, కింద ఏటి ఒడ్డున సగం ఊరు బట్టలుతుక్కుంటోంది. బ్రేకు పిడి లాగితే ఊడి చేతికొచ్చింది! ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? కిందికి దూకి భుజం అడ్డం పెట్టాను."

"ఇప్పుడేగా తాతా, చెయ్యన్నావు?"

"చెయ్యి భుజానికే కదే ఉంటుంది! ఇంతలో దాని వెనకాల ఇంకో పది వ్యాగన్లు, ఆ వెనక ఇంజనూ. వ్యాగనుకి ఇరవై టన్నుల చొప్పున పదకొండింటికి రెండొందల ఇరవై, ఇంజను ఎనభై, వెరసి మూడొందల టన్నులు!"

"లెక్క మాత్రం తప్పలేదు."

"నా చెప్పుల రాపిడికి పట్టాలు ఎర్రగా కాలాయి, ఆ వేడికి ఏరు మరిగింది, చేపలు ఉడికి వాటంతటవే ఒడ్డుకొచ్చాయి. ఆపి ఊరుకున్నానా? ఆ ఊపున బండిని వెనక్కి తోస్తే గని దాటి వెళ్లి కొండకి గుద్దుకుంది. కొండ పక్కకి జరిగింది. అందుకే మన ఊళ్లో ఇప్పుడు గంట ముందే తెల్లారుతోంది!"

పంతులమ్మ నవ్వాపుకుని సంచీ భుజానికి తగిలించుకుంది. "బాగుందండీ. కానీ నాకు జరిగింది చెప్పే మనిషి కావాలి."

తాత మొహం వాడిపోయింది. బెంచీ చివర టీలో బిస్కెట్ ముంచుకుంటున్న బావమరిది తలెత్తాడు. ఆయన అదే లైన్లో పట్టాలు మార్చేవాడు.

"జరిగింది నేను చెప్తానమ్మా. ఆగిన వ్యాగన్ కదలకుండా చక్రం కింద చెక్క పెడతాం. మా బావ భోంచేసి, ఆ చెక్క లాక్కుని, ఖాళీ వ్యాగన్లో తలకింద పెట్టుకుని పడుకున్నాడు. బండి బయల్దేరింది. నేను చూసి పట్టాలు ఇసకదిబ్బ వైపు మార్చాను. ఇసకలో కూరుకుపోయి బండి ఆగింది గానీ, ఈయన గురక ఆగలా. బిందెడు నీళ్లు కుమ్మరించాం. ఆ చెక్కని మా అక్క ఇప్పటికీ వంటింటి తలుపుకి అడ్డం పెడుతోంది."

టీ అమ్మాయి గరిటె వదిలేసి నవ్వింది. పంతులమ్మ సంచీ దించి మళ్లీ కూర్చుంది.

"ఇది చెప్పండి పిల్లలకి. ఆ చెక్క కూడా తీసుకురండి."

"చెప్పేది నేనేనా, వీడా?" అన్నాడు తాత ఆత్రంగా.

"మీరే. పక్కన ఈయన నిలబడతారు."

తాత మీసం సవరించుకున్నాడు. "అలాగేనండీ. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మేలుకుని బండి ఎవడైనా నడుపుతాడు, నిద్రపోతూ నడిపినవాణ్ణి ఈ లైను మొత్తానికి నేనొక్కణ్ణే!"