నేను పట్టుకున్న పడవ

నా వయసు నలభై ఏడు. జాతీయ మ్యూజియంలో పడవల గదికి కాపలా మనిషిని. ఉన్నది ఒక్క పడవే అయినా బోర్డు మీద పడవల గది అనే రాశారు. మా ఆయన దాని మీద ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. అది చాలా పాత చెక్క పడవ, రెండు దిమ్మెల మీద బిగించి ఉంటుంది. కింద నేలకు నీలం రంగు వేశారు. మేమెవరమూ ఆ రంగు తొక్కము, చుట్టూ తిరిగి వెళ్తాము. ఊడ్చే ఆవిడ తొక్కక తప్పదు కాబట్టి, బట్టలు తడుస్తాయన్నట్టు కాస్త పైకి పట్టుకుంటుంది. నవ్వకండి సార్, నేనూ అంతే.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకు గదిలో జనం లేరు. ఆ వేళకు పైకప్పు అద్దాల్లోంచి ఎండ పడి నీలం మీద మెల్లగా కదులుతుంది. చూస్తుంటే కళ్ళు మూతలు పడతాయి. అప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. చెప్పులు విప్పి చేత పట్టుకుని నీలంలోకి దిగింది. నేను ఈల ఊదాలి. ఈల నోట్లోనే ఉంది, ఊదలేదు.

"ఎక్కొచ్చా అమ్మా?" అని అడిగింది. "నన్నూ తన పడవ ఎక్కించుకోమని మా ఆయన్ని అడిగాను. రేపు తీసుకెళ్తాలే అన్నాడు. ఆ పూట వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు."

నోట్లోంచి ఈల తీసేశాను. "రండి పెద్దమ్మా, జాగ్రత్త" అన్నాను. ఈ మాట అన్నది నేనే. చెయ్యి అందించిందీ నేనే.

ఆమె కూర్చుని చెయ్యి బయటికి వేలాడేసింది. "చల్లగా ఉన్నాయే నీళ్ళు" అంది. నా కాళ్ళకూ చల్లగా తగిలింది. అలా ఎంతసేపు ఉన్నామో చెప్పలేను. ఎవరూ రాలేదు.

తర్వాత ఆమె దిగడానికి లేచింది. మనిషి దిగేటప్పుడు పడవ ఊగకూడదు కదా, అందుకని అంచు పట్టుకుని ఒంటి బరువంతా వేసి అదిమాను. అంచు పలక టప్పున చిట్లింది.

అంతా తనే చేశానని, ఆ కాపలా అమ్మాయికి ఏమీ తెలియదని ఆమె మీతో చెప్పిందట. నా ఉద్యోగం పోతుందని అలా చెప్పింది. ఆమెను రాత్రంతా ఇక్కడే స్టేషన్లో కూర్చోబెట్టారని తెలిసి నాకు అన్నం సహించలేదు. చిట్లింది నా చేతి కింద.

దిమ్మెలకు బిగించిన పడవ ఎలా ఊగుతుందని మీరు రెండుసార్లు అడిగారు. ఊగింది సార్. లేకపోతే ఎందుకు పట్టుకుంటాను?

ఇదంతా నా నోటితో నేను చెప్పిందే. చదివి వినిపించారు, మార్చాల్సిందేమీ లేదు. ఎవరి బలవంతమూ లేదు. ఆమెను ఇంటికి పంపించండి.

(సంతకం)
పడవల గది కాపలా మనిషి