చున్నీ చాటున

ఆ రోజు అమెరికాలో, బాతెల్‌లోని ఓ ఇంట్లో, మేడమీద ఆఫీసు కాల్‌లో బాబాయి, వంటింట్లో పిన్ని, కింద హాల్లో ఊరినుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఆమె ఎదుట పక్కింటి ముసలాయన ఉన్నారు. ఆయన వేల్స్ దేశపు హాస్యనటుడు. అప్పుడే కావాలని కుర్చీ మీంచి పడి లేచాడు.

"నవ్వు రాలేదా?"

"బాగుంది అంకుల్."

"బాగుందన్నారంటే నా పని అయిపోయినట్టే! మా వేల్స్ టీవీలో నలభై ఏళ్ళు పోస్ట్‌మ్యాన్ వేషం వేశాను. సైకిల్ మీంచి పడ్డాను, నిచ్చెన మీంచి పడ్డాను, ఓసారి పెళ్ళికేకులో పడ్డాను. మా ఆవిడ పోయాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడ పడితే అంబులెన్స్ పిలుస్తారు."

"అయ్యో!"

"సాయంత్రం లైబ్రరీలో నా షో ఉంది. నువ్వే నవ్వకపోతే వాళ్ళేం నవ్వుతారు? ఫోన్ చేసి కాన్సిల్ చేసేస్తాను."

"వద్దంకుల్! నాకు నవ్వొచ్చింది."

"మరి ఆ చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నావేం? ఆవలిస్తున్నావనుకున్నాను."

"పెద్దవాళ్ళ ఎదుట ఆడపిల్ల పళ్ళు కనబడేలా నవ్వకూడదంటుంది మా నాయనమ్మ. ఆ కేకు దగ్గర్నుంచీ బిగబట్టుకుని ఉన్నాను."

"నిజంగా? ఇంకా ఉందా లోపల?"

"ఆగట్లేదంకుల్!"

"అయితే నేను బయట నిలబడతాను. అప్పుడు నీ ఎదుట పెద్దవాళ్ళెవరూ ఉండరు. నేను చూడక్కర్లేదు, వినిపిస్తే చాలు, షోకి వెళ్తాను."

వెళ్తూ వెళ్తూ డోర్‌మ్యాట్ తట్టుకుని ఈసారి నిజంగానే తూలాడు. ఆమె నవ్వు చున్నీ దాటి పైకొచ్చేసింది. ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే, ఆమె మొహం మీదే తలుపు వేసేశాడు.