వెబ్‌సైట్‌కెక్కిన మధుసూదనరావులు

వైటూకే హడావిడి రోజుల్లో, సింగపూర్ బిషాన్‌లోని తమ ఫ్లాట్‌లో, తెలుగు సంఘం వెబ్‌సైట్ కోసం భర్త తయారుచేసిన జాబితాను ఆమె చదివింది.

“చరిత్రలో మధుసూదనరావులా? ఒక దివాను, ఒక జడ్జి, ఒక వీణ విద్వాంసుడు... చివర్న మీరా?”

“ప్రాజెక్ట్ మేనేజర్ని కదా!”

“మొన్న షిప్‌యార్డ్ మంటల్లోంచి ఇద్దర్ని బయటికి లాక్కొచ్చినతని పేరూ ఇదే. పేపర్లో కూడా వేశారు. అతనేడీ?”

“రాసి తీసేశాను.”

“ఎందుకని?”

“వర్క్ పర్మిట్ మీదొచ్చిన కూలీ. వాడి పక్కన నా పేరేం బాగుంటుంది?”

ఆమె జాబితా పక్కన పెట్టేసింది. పన్నెండేళ్లుగా ఈ మనిషి పేరునే తన పేరు చివర రాసుకుంటోంది. లేచి చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికి?”

“హాస్పిటల్‌కి. చేతులు కాలి అక్కడే ఉన్నాడట.”

“వాడు నీకేమవుతాడు?”

“ఏమీ కాడు. ఈ పేరున్న మంచి మనిషిని ఒక్కణ్ణైనా చూసి రావాలనుంది.”